ఇనుము లేని గది

పన్నెండింటికి పోలీసు జీపు వస్తుందనీ, ఆర్థర్‌ని అందులో ఎక్కించేస్తాననీ బుచ్చిబాబు నాతో చెప్పేసరికి పదిన్నర అయింది. దాపరికమేమీ లేదు. వాడు కలకత్తా డిటెక్టివ్, నేను ఈ ఊరి డిటెక్టివ్‌ని కదా, మర్యాదకి ముందే చెప్పాడు.

"నువ్వెందుకు లింగం దాదా ఈ చలిలో తిరగడం? కేసు ఖతం. ఇంటికెళ్లి చాయ్ తాగు."

"ఇంటికాడ చాయ్ పెట్టేవోళ్లు లేరు," అన్నాను.

మా ఆవిడ వరలక్ష్మి పోయి ఏడాదైందని వాడికి తెలుసు. ఆ ఏడాదినుంచి నాకు ఏ అనుభూతీ సరిగ్గా కలగడం లేదు. ఏడుపు రాదు, కోపం రాదు. ఆకలేస్తే తింటాను, ఎవరైనా పని చెబితే చేస్తాను. నిన్న సాయంత్రం ఆర్థర్ భార్య ఆలిస్ ఖరిదా పేటలో మా ఇంటికొచ్చి, "మా ఆయన్ని ఒగ్గీకు అన్నయ్యా, నీకు దండం పెడతాను," అంటే జాలిపడి ఒప్పుకున్నానని ఆమె అనుకుంది. చెప్పులేసుకుని బయల్దేరడం కూర్చోవడం కన్నా తేలిక కాబట్టి ఒప్పుకున్నాను. కోటిలింగం ప్రైవేట్ ఎంక్వయిరీస్ అని నా గుమ్మానికో బోర్డుంది. రైల్వే ఉద్యోగం మానేశాక పెట్టుకున్నది. ఇన్నాళ్లూ దానికింద నేను చేసినవన్నీ పెళ్లికొడుకుల వాకబులే.

మేమున్నది పూరీ గేట్ రైల్వే క్రాసింగు దగ్గర ఒక అద్దె ఇంట్లో. దాన్ని అద్దెకు తీసుకున్నది డాక్టర్ ఈశ్వరరావు. ఫిజిక్సు పాఠాలు చెప్పే ఉద్యోగం వదిలేసి, క్వాంటమ్ కంప్యూటర్‌ని చవగ్గా తయారుచేస్తానని రెండేళ్లుగా ఇక్కడే కూర్చున్న మనిషి. కలకత్తా కంపెనీ ఒకటి ఆయనకు పెట్టుబడి పెట్టింది. ఇవాళ సోమవారం, కంపెనీ పెద్దలకు ఆయన యంత్రాన్ని చూపించాల్సిన రోజు. నిన్న పొద్దున వెనకగదిలో చాపమీద చచ్చిపడి ఉన్నాడు. ఒంటిమీద గీత లేదు. గది తలుపుకి లోపలినుంచి కొయ్యగడియ వేసి ఉంటే భుజంతో పగలగొట్టింది ఆయన మెకానిక్ ఆర్థర్. శవం పక్కన ఒక గుడ్డ, అల్మారాలో క్లోరోఫారం సీసా. కంపెనీవాళ్లు ఆ మధ్యాహ్నానికే బుచ్చిబాబుని దింపారు.

హాల్లో ఆర్థర్ బల్లమీద కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయి. వేళ్ల చివర్లన్నీ రాగితీగ కోసిన గీతలే. ఆలిస్ గోడకి ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

"ఆ సీసా ఎవలు తెచ్చినారు?" అని అడిగాను.

"నానే తెచ్చినాను బాబూ. సార్ రాసిచ్చినారు, కలకత్తా ఎల్లి తెచ్చినాను."

"మత్తుమందు నీకేటి పని?"

"అదే గదా బాబూ కంప్యూటరు."

బుచ్చిబాబు పకపకా నవ్వాడు. "విన్నావా దాదా? ఇది నిన్న నాకూ చెప్పాడు."

"ఆణ్ణి సెప్పనీ," అన్నాను.

ఆర్థర్ నేలమీదకు చూస్తూ చెప్పాడు. వాడికి ఆ విషయం చాలాసార్లు చెప్పి చెప్పి అలవాటైనట్టుంది. "మామూలు కంప్యూటర్లో తీగలో కరెంటుంటే ఔను, లేకపోతే కాదు. ఇక్కడ సన్న గాజుగొట్టంలో క్లోరోఫారం పోసి సీలేస్తాం. ఆ అణువులు ఔను, కాదు, రెండూ ఒకేసారి అంటాయట. అలగ అన్నంతసేపూ లెక్క జరుగుతాది. కూసింత కదిలినా సెదిరిపోద్ది. సెదరకుండా కాసుకోడమే కష్టమంతా."

"ఫారిన్లో ఎలగ కాస్తారు?"

"గదంత అయస్కాంతం పెడతారు. దానికి రోజూ ద్రవ హీలియం పొయ్యాల. కోట్లు గావాల. సార్ ఏటన్నారంటే, మనం మామూలు అయస్కాంతాలు రెండు ఎదురెదురు పెడదాం, రాగితీగ కాయిల్ సేత్తో సుడదాం, సల్లదనానికి నైట్రోజన్ పోద్దాం అన్నారు. ఆవులకి సూదులేసే మందు దాసే డిపో ఉన్నాది గదా, అక్కడ దొరుకుద్ది నైట్రోజన్. పాలకన్నా సవక."

"పని సేసిందా?"

"ఒకనాడు సేస్తాది. ఒకనాడు సెయ్యదు. గూడ్సు బండి ఎల్తే సెదురుద్ది, చలిగాలి తగిల్తే సెదురుద్ది. అవి తెలిసినవే. తెలీకుండా సెదిరేది ఒకటున్నాది. అది నా కాయిల్ తప్పని సార్ అన్నారు."

"ఎన్నాళ్లనించి?"

"ఎనిమిది నెల్లు. ఎన్నిసార్లు ఇప్పి సుట్టినానో నాకే తెల్దు."

బుచ్చిబాబు ముందుకు వంగాడు. "శనివారం మధ్యాహ్నం ఏమన్నాడు మీ సార్? దాదాకి కూడా చెప్పు."

"సోమవారం నించి రావద్దన్నారు."

"అందరిముందూ?"

"సార్‌కి లెక్కలు సేసే సత్యవాణమ్మ ఉన్నారు. ఆలిస్ అన్నం కేరేజీ తెచ్చింది, అదీ ఉన్నాది."

"తరవాత?"

"నాలుగ్గంటలకి నైట్రోజన్ డబ్బా లోపలెట్టేసి ఎల్లిపోనాను. మళ్లీ రాలేదు బాబూ. తెల్లారి సామానుకోసం వచ్చినాను, తలుపు తియ్యలేదు, బద్దలుకొట్టినాను."

బుచ్చిబాబు నావైపు తిరిగి చేతులు చాపాడు. ఉద్యోగం పోయింది, మందు తెచ్చింది వీడే, శవాన్ని మొదట చూసింది వీడే. ఇంకేం కావాలి అన్నట్టు ఆ చాపడం. నేనైనా మొదట అదే అనుకునేవాణ్ణి. కాని లోపల గడియ వేసి ఉన్న గదిలోంచి క్లోరోఫారం పట్టినవాడు ఎలా బయటికొచ్చాడో వాడు చెప్పలేదు. అడిగితే, "గడియ వేసుంది అన్నది కూడా వీడే," అన్నాడు. అదీ నిజమే. వాడు మూర్ఖుడు కాదు. కాకపోతే తొందరెక్కువ.

వెనకగది తలుపు పక్కన గోడకి చిన్న అరుగు, దానిమీద ఇత్తడి పళ్లెం ఉన్నాయి. లోపలికి వెళ్లేవాళ్లు ఒంటిమీది ఇనుమంతా అందులో పెట్టి వెళ్లాలని ఈశ్వరరావు నియమమట. పళ్లెంలో ఆయన వాచీ, తాళంచెవులు, బెల్టు అలాగే ఉన్నాయి. వాటి పక్కన ఒక పిన్నీసు ఉంది. నేను నా వాచీ తీసి పెట్టి, ఆ పిన్నీసు తీసుకుని చొక్కా జేబులో వేసుకోబోయి, మళ్లీ ఆలిస్ చేతికిచ్చాను. జేబులో వేసుకుని లోపలికెళ్తే నియమం తప్పుతుంది.

"చచ్చిపోయిన యంత్రానికి మడి దేనికి?" అంటూ బుచ్చిబాబు తన తాళాల గుత్తి వేలికి తిప్పుకుంటూ నేరుగా వెళ్లాడు. గదిమధ్యకు చేరాడో లేదో గుత్తి వేలినుంచి ఊడి, ఎగిరి, నల్లటి అయస్కాంతానికి ఠపీమని అంటుకుంది. వాడు వేలు నోట్లో పెట్టుకున్నాడు. నవ్వు రావాల్సిన సమయమే. నాకు రాలేదు.

ఎనిమిదడుగుల గది. కిటికీ లేదు. తలుపు అంచులకి మందపాటి ఉన్నిగుడ్డ అతికించారు. ఎక్కడా ఇనుపమేకు లేదు, మరలన్నీ ఇత్తడివి. కుర్చీలకి మేకులుంటాయని కుర్చీ కూడా లేదు, నేలమీద చాప. మధ్యలో చెక్కబల్లమీద రెండు అయస్కాంతాలు, వాటి సందులో చిటికెనవేలంత గాజుగొట్టం. అందులో నీళ్లలాంటి ద్రవం రెండు చుక్కలు. ఎవరో రెండేళ్ల బతుకూ, చివరికి ప్రాణమూ పెట్టింది ఈ రెండు చుక్కలకా అని చూశాను. దానికి చుట్టిన రాగితీగ ఎంత శ్రద్ధగా చుట్టారంటే ఒక వరస మీద ఇంకో వరస ఎక్కలేదు. బల్లకింద ఒక పెద్ద తర్మకోల్ పెట్టె, దాని పక్కన అల్యూమినియం డబ్బా. రెండూ ఖాళీ.

"సీసా ఎక్కడ?"

బుచ్చిబాబు అల్మారా చూపించాడు. సీసా మెడదాకా మందుంది. మూతకి చుట్టిన లక్క పగల్లేదు.

"ఇది తెరవనే లేదు," అన్నాను.

"ఇంకో సీసా ఉండొచ్చు."

"ఏది?"

"పారేసి ఉంటాడు."

"గుడ్డ పారెయ్యకుండా సీసా పారేసినాడా? ఆ గుడ్డ వాసన సూసినావా? నైట్రోజన్ డబ్బామీద పట్టే మంచు తుడిచిన గుడ్డ అది. నిన్న శవాన్ని సూసిన డాక్టరు తీపివాసన ఉన్నాదన్నాడా?"

"అనలేదు." వాడి మొహం ఎర్రబడింది. "లింగం దాదా, నువ్వు వాళ్లావిడ ఏడ్చిందని వచ్చావ్. నేను పనిమీద వచ్చాను. మనిషి గాలికి చచ్చిపోడు."

"గాలి లేక సచ్చిపోతాడు," అన్నాను.

అనాలని అనలేదు. చాపమీద కూర్చుని చూస్తూంటే మాట దానంతటదే వచ్చింది. చాపకి ఎదురుగా గోడలో నేలమట్టాన ప్లాస్టిక్ గొట్టం ఒకటి ఉంది. బయటికి పోయే గొట్టం. పగలు పదకొండు గంటలప్పుడు దాన్లోంచి వెలుతురు కనబడాలి. వంగి చూస్తే చీకటిగా ఉంది. ఇద్దరం పెరట్లోకి తిరిగి వెళ్లాం. బయటివైపు గొట్టంలో ఉన్నిగుడ్డ ముక్క ఒకటి కుక్కి ఉంది. తలుపుకి అతికించిన గుడ్డే అది, మిగిలిన ముక్కలు గట్టుమీద ఇంకా ఉన్నాయి. నేను దాన్ని బయటికి లాగాను. జానెడు పొడుగుంది, గట్టిగా కుక్కారు.

హాల్లోకి వచ్చి ఆర్థర్‌ని ఒక్కటే అడిగాను. "ఆ గొట్టం ఎందుకు పెట్టినారు?"

వాడు తలెత్తలేదు. "నైట్రోజన్ మరిగి గాలవుద్ది బాబూ. సల్లటిది గదా, నేలమీదే ఉంటాది. బయటికి పోడానికి సార్ పెట్టించినారు."

బుచ్చిబాబు బల్లమీద కూలబడ్డాడు. వాడికి ఇంక వివరించక్కర్లేదు. పెద్ద డబ్బా నైట్రోజన్, మూతలేని తర్మకోల్ పెట్టె, సందులేని గది, నేలమీద చాప. పొగ లేదు, వాసన లేదు, ఉక్కిరిబిక్కిరి లేదు. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తేలికవుతుంది, నిద్రొచ్చినట్టుంటుంది. మనిషికి తాను చచ్చిపోతున్నట్టే తెలీదు. ఏడాదిగా అలాంటి గదిలోనే ఉన్నట్టుంది నాకు. కాబట్టి అది ఎలా ఉంటుందో వాడికన్నా నాకు బాగా అర్థమైంది.

"ఫారిన్లో దానికి పదివేలడుగుల హాలు, ఫ్యాన్లు, కొలిచే మీటర్లు ఉంటాయి," అన్నాడు బుచ్చిబాబు నెమ్మదిగా. "ఈయన చవగ్గా చేశాడు." మొహం తుడుచుకుని, "ఠీక్ హై దాదా. నా క్లోరోఫారం తప్పు. ఇది హత్య కాదు, ప్రమాదం. ఎవరో తెలీక మూశారు. స్టేషన్‌కి ఫోన్ చేసి జీపు వద్దంటాను," అన్నాడు. తప్పు ఒప్పుకోవడం వాడికి ఇష్టముండదు. అయినా ఒప్పుకున్నాడు. అందుకు వాణ్ణి మెచ్చుకోవాలి.

ఆలిస్ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. ఆమె కళ్లనీళ్లు నా మణికట్టుమీద పడ్డాయి. వెచ్చగా ఉన్నాయని తెలిసింది. అంతే తెలిసింది. ఆమె అరచేతిలో ఆ పిన్నీసు నాకు గుచ్చుకుంది.

"ఇది నీదేనా?" అన్నాను.

"నాది కాదన్నయ్యా. నాను ఆ గదిలోకి ఎప్పుడూ ఎల్లలేదు."

నేను ఊరుకోవచ్చు. పని అయిపోయింది. కాని గొట్టం మూసినవాళ్లెవరో తెలియకపోతే బుచ్చిబాబుకి కాకపోతే ఇంకొకడికి రేపు మళ్లీ ఆర్థరే దొరుకుతాడు. అందుకని వరండాలోకి వెళ్లాను.

వరండా మెట్లమీద సత్యవాణి కూర్చుని ఉంది. ఈశ్వరరావు దగ్గర రిసెర్చి చేస్తున్న అమ్మాయి. తణుకు నుంచి వచ్చింది, పెళ్లై రెండేళ్లు. లెక్కలన్నీ ఆమెవి, చేతిపని ఆర్థర్‌ది. శనివారం మధ్యాహ్నమే వెళ్లిపోయానని నిన్న బుచ్చిబాబుకి చెప్పింది. నేను పిన్నీసు ఆమె ఎదురుగా మెట్టుమీద పెట్టాను. ఆమె చెయ్యి తనంత తానే మెడలోకి వెళ్లి, మంగళసూత్రం గొలుసుని తడుముకుంది. అక్కడ ఇంకో రెండు పిన్నీసులు వేలాడుతున్నాయి.

"నాదేనండీ," అంది.

"పళ్లెంలో ఎలగొచ్చింది?"

"సార్ పెట్టారు." ఆమె గొంతులో ఏమీ లేదు. ఒక్క రోజులోనే ఏడుపంతా అయిపోయినట్టుంది. "శనివారం సాయంత్రం అయిదింటికి మళ్లీ వచ్చానండీ. లోపలికెళ్లేముందు గాజులు, వాచీ, జడపిన్నులు అన్నీ తీసి పళ్లెంలో పెడతాను. గొలుసు మాత్రం తియ్యను. తాళి ఎలా తీస్తామండీ? సార్ కూడా ఎప్పుడూ అడగలేదు. బంగారం అయస్కాంతానికి అంటుకోదు కదా అని ఊరుకునేవారు. దానికి పిన్నీసులుంటాయని ఆయనకీ తట్టలేదు, నాకూ తట్టలేదు. మా అమ్మకుంటాయి, అత్తయ్యకుంటాయి. అవి ఉన్నట్టే గుర్తుండదండీ."

"ఆ రోజు ఏటైంది?"

"గాజుగొట్టం సర్దడానికి బాగా వంగాను. పిన్నీసు గొలుసులోంచి ఊడి వెళ్లి అయస్కాంతానికి అతుక్కుంది. సార్ దాన్ని చూశారు, నన్ను చూశారు. నేను ఈ గదిలోకి వచ్చిన రోజుల్లోనే ఎనిమిది నెలలుగా లెక్క చెదురుతోందని ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. మామూలు అయస్కాంతం కదండీ, దాని బలం గాజుగొట్టం చుట్టూ ఒక్కలా ఉండాలి. దగ్గరగా చిన్న ఇనుపముక్క వచ్చినా పాడైపోతుంది. కాయిల్‌లో ఏ తప్పూ లేదు."

"కోప్పడ్డారా?"

"నవ్వారండీ. దగ్గొచ్చేదాకా నవ్వారు. పిన్నీసు తీసి పళ్లెంలో పెట్టి, ఈ రాత్రికి నువ్వు లేకుండా శుభ్రంగా నడిపిస్తాను, తెల్లారేసరికి మన కంప్యూటర్ పనిచేస్తుంది అన్నారు."

"మరి గొట్టం?"

"ఏ గొట్టం?"

"ఎనక గోడలోది."

"ఓ, అదా. చలిగాలికి లెక్క చెదురుతోందని ఆయన రోజూ విసుక్కునేవారు కదండీ. నావల్ల ఎనిమిది నెలలు పాడయ్యాయి. ఇవాళైనా నిలకడగా నడవాలని, వెళ్తూ వెళ్తూ పెరట్లోంచి ఉన్నిగుడ్డ కుక్కేసి..." మాట మధ్యలో ఆగిపోయింది. నా మొహంలో ఏం చూసిందో మరి. తెలివైన పిల్ల, చెప్పకుండానే అర్థం చేసుకుంది. "అది గాలి లోపలికి రావడానికి కాదా అండీ?"

ఆమె మోకాళ్లమీద చేతులు పెట్టుకుని ఆ చేతులవైపే చూసింది. చెప్పాలి, ఏదో ఒకటి చెప్పాలి అనిపించింది. నీకు తెలీదమ్మా అని అనొచ్చు. నోరు తెరుచుకోలేదు.

"కాని నేను చెప్పాను కదండీ," అంది ఉన్నట్టుండి.

"ఎవలికి?"

"ఆర్థర్ అన్నకి. ఈ ఇంటి గేటు దగ్గర ఎదురొచ్చాడు, పనిముట్ల సంచీకోసం వచ్చానన్నాడు. అయిదున్నర ఉంటుంది. అన్నా, వెనక గొట్టం మూసేశాను, సార్‌కి చెప్పడం మరిచిపోయాను, చెప్పవా అన్నాను. అన్న కాసేపు అలాగే నిలబడ్డాడు. సరేనమ్మా, నువ్వెల్లు, నాను సూసుకుంటాను అన్నాడు."

లోపల బుచ్చిబాబు ఫోన్ డయల్ తిప్పుతున్న చప్పుడు వినబడింది. నేను లేచి హాల్లోకి వెళ్లాను. సత్యవాణి నావెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఆర్థర్, శనివారం అయిదున్నరకి గేటుకాడ ఈ అమ్మ నీతో ఏటి సెప్పింది?"

వాడు ఆమెను చూశాడు. అబద్ధం ఆడతాడనుకున్నాను. ఆడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"గొట్టం మూసినానని సెప్పింది."

"సార్‌కి సెప్పినావా?"

"లేదు బాబూ." వాడి గొంతు మామూలుగానే ఉంది. "తలుపుకాడికెల్లినాను. లోపల సార్ పాట పాడుకుంటున్నారు. నన్ను గెంటేసి పాడుకుంటున్నారనుకున్నాను. సంచీ తీసుకుని ఎల్లిపోనాను. తలనొప్పొచ్చి ఆయనే బయటికొస్తారు, నైట్రోజనంతా అయిపోద్ది, సోమవారం అందరిముందూ యంత్రం నడవదు, అప్పుడు తెలుస్తాది అనుకున్నాను. రాత్రంతా నిద్ర పట్టలేదు. తెల్లారకముందే వచ్చినాను. తలుపు బద్దలుకొట్టి సార్‌ని సూసినాక, ఎవలికీ తెలీకుండా గుడ్డ లాగేద్దామని ఎనక్కి ఎల్లినాను. సెయ్యి రాలేదు."

"అన్నా," అంది సత్యవాణి గుమ్మంలోంచి. "సార్ పాడుకున్నది నీ గురించే. కాయిల్ తప్పు కాదని తెలిసింది కదా. ఆదివారం పొద్దున్నే మీ ఇంటికొచ్చి క్షమించమని అడుగుతానన్నారు. గేటు దగ్గర కనబడితే ముందే చెప్పమన్నారు. నా పిన్నీసువల్ల అని నోటితో చెప్పడానికి సిగ్గేసి, నేను చెప్పలేదు."

ఆర్థర్ మొహంలో ఏ మార్పూ లేదు. కోతల గీతలున్న వేళ్లు మాత్రం ఒకదానిచుట్టూ ఒకటి తిరగడం మొదలుపెట్టాయి, కనబడని తీగ ఏదో చుడుతున్నట్టు.

"హలో, స్టేషన్?" అన్నాడు బుచ్చిబాబు ఫోన్లో. అని, ఆగి, రిసీవరు చేత్తో మూసి నావైపు చూశాడు. వాడూ విన్నాడు. కాని ఏమీ విననట్టు జీపు వద్దని చెప్పడానికి వాడు సిద్ధంగానే ఉన్నాడు. అది నాకు వదిలేశాడు. అలాంటి మర్యాద వాడికుంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

ఆలిస్ నా చెయ్యి ఇంకా వదల్లేదు. "అన్నయ్యా," అంది. "నువ్వు మా పక్కనే గదేటి?"

గుండెలో ఏదో గట్టిగా నొక్కుకుంది. ఏడాది తరవాత మొదటిసారి నొప్పి నాకు నొప్పిలాగే తెలిసింది. అది ఎందుకొచ్చిందో, ఇప్పుడే ఎందుకొచ్చిందో అనుకుంటూ ఆమె వేళ్లని ఒక్కొక్కటే విడదీశాను.

"జీపుని రానీ, బుచ్చిబాబూ," అన్నాను.